ముద్ర లేని స్పానరు

అరవైల చివర్లో విజయనగరంలో మాకు ఇనపసామాన్ల కొట్టు ఉండేది. స్పానరు చేతిలో పెడితే ఎక్కడ తయారైందో చెప్పేస్తానని నాకో పేరు. సాలూరు లారీల వాళ్లు కూడా పాత సామాను కొనేముందు నాకు చూపించి వెళ్లేవారు. పాతికేళ్లు నిండకుండానే అంత పేరు రావడం మంచిది కాదని అప్పుడు తెలీదు.

దగ్గర ఊళ్లో ఒక జమీందారుగారికి ఇద్దరే కూర్చునే ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉండేది. స్వాతంత్ర్యానికి ముందు ఓడ మీద తెప్పించుకున్నది. దాని డ్రైవరు గ్రీజు కోసం మా కొట్టుకొచ్చి గంటసేపు కబుర్లాడేవాడు. నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. కారుతో వచ్చిన పనిముట్లు ఒక కాన్వాసు చుట్టలో ఉండేవి, ఒక్కోదానికీ ఒక్కో అర. ఇరవై ఏళ్లుగా ఆయనే వాటిని తుడిచి, నూనె రాసి, ఏ అరలోది ఆ అరలోనే పెట్టేవాడు.

చివరికి కారు అమ్మకానికొచ్చింది. కొనడానికి కలకత్తా నుంచి వచ్చిన పెద్దమనిషి, పనిముట్లన్నీ కారుతో వచ్చినవేనా అని అడిగాడట. నాకు కబురొచ్చింది.

వసారాలో చుట్ట విప్పి పరిచారు. చుట్టూ పదిమంది. ఒక్కోటీ తీసి కంపెనీ ముద్ర చూశాను, నల్లపూత చూశాను. నాలుగో అరలో ఉన్న స్పానరుకి ముద్ర లేదు. మెడ వంపు కూడా వేరు.

"ఇది కారుతో వచ్చింది కాదండీ. అసలుది పోతే ఎవరో దీన్ని పెట్టారు," అన్నాను.

డ్రైవరు ముందుకొచ్చాడు. "అదేటి అల్లుడూ! ఓడ దిగిన్నాటి నుంచి ఉన్నాది. నా సేత్తోనే తీసినాను."

"ముద్ర లేదు కదా మావా."

జమీందారుగారు డ్రైవరు వైపు ఒక్కసారి చూశారు. ఆ స్పానరు పక్కన పెట్టించి, తక్కినవి అప్పగించారు. కారు పోయినా నిన్ను వదులుకోనని అంతకుముందు డ్రైవరుకి మాటిచ్చారట. మర్నాడు, ఇక రానక్కర్లేదని మనిషి చేత చెప్పించారు.

ఏడాది తిరిగాక విశాఖపట్నంలో ఒక డాక్టరుగారింట్లో అలాంటి కారే చూశాను. అసలు స్పానరు ఎలా ఉంటుందో చూడొచ్చని పనిముట్ల చుట్ట విప్పించుకున్నాను. నాలుగో అరలో అదే స్పానరు. అదే వంపు, ముద్ర లేదు. కంపెనీ వాళ్లు ఆ ఒక్కటీ బయట చేయించుకున్నారు కాబోలు. అక్కడే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. ఆ రోజు జమీందారుగారి వసారాలో ఆ అర గుడ్డ మీద నూనె మరక ఉంది. సరిగ్గా ఆ స్పానరు ఆకారంలోనే. ఏళ్ల తరబడి అక్కడే పడుంటే తప్ప అలాంటి మరక పడదు. నేను చూశాను కూడా. కానీ ముద్ర ధ్యాసలో ఉండి దాన్ని లెక్కచెయ్యలేదు.

సాలూరులో ఒక లారీ షెడ్డులో ఆ డ్రైవరు కనిపించాడు. తప్పు నాదేనని చెప్పాను. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"దొర పోయి రెండు నెలలైనాది. నన్ను దొంగనుకునే పోయినాడు. ఇప్పుడు నాకు సెప్తే ఏటి లాభం బాబుగారూ? పదిమందిలో అన్నారు. ఆ పదిమందిలోనే సెప్పండి."

అల్లుడూ అనలేదు. చెప్తానని మాటిచ్చి వచ్చాను.

మరుసటి వారం వెళ్లాను. అదే వసారాలో జమీందారుగారి కొడుకు, గుమస్తా, ఆ రోజు ఉన్నవాళ్లే మరో ఇద్దరు. కాఫీ ఇచ్చారు. "ఏమిటి విశేషం?" అని కొడుకు అడిగాడు. మాట గొంతు దాకా వచ్చింది. రేపటి నుంచి నా మాట ఎవరు నమ్ముతారన్న భయం దానికన్నా ముందొచ్చింది. గేటుకి కొత్త బందులు కావాలేమో కనుక్కుందామని వచ్చానన్నాను. కొలతలు కూడా తీసుకున్నాను.

మళ్లీ వెళ్దాం, మళ్లీ వెళ్దాం అనుకుంటూ ఒక వానాకాలం గడిపేశాను. ఆ తర్వాత సాలూరు వెళ్తే, ఆయన పెళ్లాం పిల్లల్ని తీసుకుని ఒరిస్సా వైపు వెళ్లిపోయాడన్నారు. ఏ ఊరు వెళ్లాడో షెడ్డులో ఎవరికీ తెలీదు.