ఆకు అడుగున బూడిద

దీపావళి వానలు తెరిపిచ్చాక లోగనాయకి మిద్దె మీద తొమ్మిది దోసగింజలు పెట్టింది. ఇంట్లో మిగిలినవి ఆ తొమ్మిదే. మొగుడు వీరాసామి పోకముందు దాచిపెట్టిన గుడ్డమూటలో ఇంకొక్క గింజ కూడా లేదు. రెండు మొలవలేదు. ఏడు మొలిచాయి. ఆ ఏడూ కాయకపోతే ఆ రకం ఇక వాళ్ల ఇంట ఉండదు.

అది గుండ్రటి పసుపు దోసకాయ, కొంచెం పుల్లన. పుదుచ్చేరి మార్కెట్లో ఎన్ని గంపలు తిరగేసినా ఆ రకం కనపడదు. వీరాసామి అవ్వ నెల్లూరు పక్కనుంచి పెళ్లై వస్తూ కొంగున ముడేసుకొచ్చిన గింజలంట. తమిళం మధ్య మూడు తరాలు గడిచి ఇంట్లో మాటే సగం మారిపోయింది గానీ, దోసకాయ పప్పు మాత్రం మారలేదు.

లోగనాయకి అరియాంకుప్పం పిల్ల. వాళ్లదీ తెలుగిల్లే, అయినా పుట్టింట ఈ కాయ వండి ఎరుగరు. కాపురానికొచ్చిన నాలుగో రోజు అత్త కాయ చేతికిచ్చి గుడికి పోయింది. కోసి, ముక్క నోట వేసుకొని చూడాలని ఈమెకు తెలియదు. నేరుగా పప్పులో వేసింది. పప్పంతా వేపాకు చేదు. అత్త ఒక ముద్ద తిని కంచం పక్కకు జరిపింది. వీరాసామి మాత్రం నెయ్యి వేసుకొని గిన్నె అడుగు దాకా తిని, "బాగుంది, జ్వరం పోతాది," అన్నాడు. ఆ మాటకు తాను వంటింట్లోకి పోయి నవ్విందో ఏడ్చిందో లోగనాయకికి ఇప్పటికీ సరిగ్గా గుర్తు లేదు.

అతనిది వీధి నీళ్ల వాల్వులు తిప్పే ఉద్యోగం. ముప్పై ఏళ్లు ఊరందరికీ నీళ్లు వదిలి, ఇంటికొచ్చి తన మిద్దె మీద చెంబుతో మొక్క మొక్కకూ పోసుకునేవాడు. మంగళవారం, శుక్రవారం తెల్లవారగానే వీధి మూల ఇస్త్రీబండి వేల్మురుగన్ దగ్గర బొగ్గుల బూడిద తెచ్చి, పాత పంచెగుడ్డలో మూటగట్టి, ఆకుల మీద మంచు ఆరకముందే తట్టేవాడు. పురుగు పట్టదని అతని నమ్మకం. నిరుడు తమిళుల మాసి నెలలో గుండె పట్టుకొని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. యాభై తొమ్మిదేళ్లు.

అందుకని లోగనాయకి కూడా బూడిద తట్టింది. వారానికి రెండుసార్లు కాదు, రోజూ. కూతురు కార్తిక అరియాంకుప్పం అత్తగారింటి నుంచి ఆదివారం ఆదివారం బస్సులో వచ్చేది. ఒక వారం పైకొచ్చి చూసి, "ఏందిమా ఇది, పాదులకి ఒళ్లంతా పౌడర్ పూసినావా?" అంది.

"మీ నాయన చల్లినట్టే చల్లినా."

"నాయన చల్లితే పచ్చగా ఉండేది కదా!"

"నువ్వు చిన్నప్పుడు చూసినావు. నీకేం గుర్తు," అని లోగనాయకి మాట తుంచేసింది. కానీ ఆ రాత్రి ఆ మాట చెవిలోనే ఉంది. పువ్వు వచ్చింది వచ్చినట్టు రాలిపోతోంది. పిందెలు గోలీకాయంత అయి వంకర తిరిగి పసుపైపోతున్నాయి. బలం చాలడం లేదేమోనని, వీధిలో ఆకుకూరలు అమ్మే సెంగమలాన్ని పశువుల ఎరువు తెమ్మంది.

సెంగమలం విల్లియనూరు నుంచి పొద్దున బస్సుకు గంపతో దిగుతుంది. వాళ్లూ తెలుగోళ్లే, రెండు కాణులు, అంటే రెండున్నర ఎకరాల పైన చేను, నాలుగు ఆవులు. నోరు పెద్దది, చేయి అంతకన్నా పెద్దది. ఎరువు సంచి నెత్తిన పెట్టుకొని మెట్లెక్కి, పందిరి దగ్గర దించి, రొప్పుతూనే ఒక ఆకు పట్టుకుంది.

"లోగక్కా, ఇదేంది?"

"బూడిద మే. ఇస్త్రీబండిది."

సెంగమలం ఆకును తిరగేసింది. అడుగున కూడా తెల్లగా, పిండి అద్దినట్టు గుండ్రటి మచ్చలు.

"బూడిద పైనుంచి కదా చల్లినావు? అడుగుకి ఎట్లా పోయింది? పాకుకుంటా పోయిందా?"

లోగనాయకి ఆకు మీదికి వంగింది.

"ఊదు చూస్తాం."

ఊదింది. పైనున్న బూడిద ఎగిరింది. కింద మచ్చ కదలలేదు. సెంగమలం వేలితో రుద్దితే వేలికి తెల్లగా అంటింది, రుద్దిన చోట ఆకు పసుపుగా తేలింది. పాదు మొదట్లో ఉన్న ముదురాకులు అంచులు ఎండి, చేతిలో అప్పడంలా విరిగాయి.

"ఇది నోయి అక్కా, తెగులు. మా చేలో గుమ్మడికి వస్తాది. రేత్రి మంచు, పొద్దున ఎండ, గాలాడకుండా గుబురు. దీనికింకేం కావాల. నువ్వు బూడిదేసి దీనికి దుప్పటి కప్పినావు. యాడ మొదలైందో ఎట్లా కనపడతాది?"

లోగనాయకి పిట్టగోడ మీద కూలబడింది. వీరాసామి రోజూ పొద్దున వక్కపొడి నములుతూ ఒక్కో ఆకూ తిరగేసి చూస్తూ గంటసేపు పాదుల్లో తిరిగేవాడు. అప్పుడప్పుడు ఒక ఆకు గిల్లి జేబులో వేసుకొని కిందికి దిగేవాడు. "ఆకులకి జోస్యం చెప్తా ఉండావా? కాఫీ చల్లారిపోతాది!" అని మెట్ల దగ్గర నిలబడి అరిచేది తను. చొక్కా ఉతికేటప్పుడు జేబులో ఎండాకులు తగిలితే తిట్టుకునేది. అతను చూసినది తాను చూడలేదు. చల్లింది మాత్రం చూసింది. అదొక్కటే పట్టుకుంది.

"కోసెయ్యాల అక్కా. తెల్లబడిన ఆకులన్నీ. ఈ రెండు పాదులు అయిపోయినాయి, పీకేద్దాం."

"పీకేది లేదు. వద్దు."

"ఆకు మీద జాలి పడితే కొన కూడా పోతాది."

"ఉండేదే ఏడు మే! ఆయన గింజలు! నా చేత్తో నేను పీకేదా?"

సెంగమలం కిందికి పోయి గంప అమ్ముకోవాల్సింది. అయినా వచ్చి పక్కన కూర్చుంది. "నా మొగుడు పోయినప్పుడు ఆవులకి నేను మూడునాళ్లు మేతెయ్యలా," అంది. "ఏడిసి ఏడిసి పండుకున్నా. ఒక దూడ పోయింది. తరువాత లేచినా. నువ్వు లేస్తే ఐదు మిగుల్తాయి, కూర్చుంటే ఏడూ పోతాయి. నీ ఇష్టం."

లోగనాయకి లేచి కత్తెర తెచ్చింది.

తెల్లబడిన ఆకులను విదిలించకుండా, దులపకుండా, కోసినవి కోసినట్టు సంచిలో వేసి మూతి కట్టారు. లోగనాయకి సంచిని చెత్త కుళ్లబెట్టే ఎరువు డబ్బాలో వేయబోతే సెంగమలం చేయి పట్టుకుంది. "అందులో వద్దు. చెత్తబండికి ఇచ్చెయ్." కత్తెరను సబ్బునీళ్లతో కడిగించింది. ఒకదానికొకటి ఆనుకున్న పాదుల డబ్బాలను ఎడంగా జరిపారు. నేలమీద పాకిన తీగను పైకెత్తి గాలి తగిలేలా పందిరికి కట్టారు. రెండు పాదులు పీకేటప్పుడు మాత్రం లోగనాయకి అటు తిరిగి నిలబడింది. తెచ్చిన ఎరువు కూడా ఇప్పుడు వేయొద్దంది సెంగమలం. బలమెక్కువైతే లేతాకు గుబురుగా వస్తుంది, దానికే నోయి ముందు పడుతుందట.

"మందు?"

"ఒక గ్లాసు పాలు, తొమ్మిది గ్లాసుల నీళ్లు. పొద్దున ఎండ వచ్చేటప్పుడు పైనా అడుగునా తడిసేట్టు కొట్టు. వారానికొకసారి. తెల్లబడింది మళ్లీ పచ్చబడదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కొత్తాకుని కాపాడతాది, అంతే. సాయంకాలం ఆకుల మీద నీళ్లు పోసేది మానుకో. పొద్దున పాదు మొదట్లో పొయ్యి."

ఆ ఆదివారం కార్తిక వచ్చేసరికి తల్లి పాత అద్దం తుడిచే పంపుడబ్బాతో పాదుల కింద వంగి ఉంది.

"నాకు కాఫీలో రెండు చుక్కలేస్తావు, వీటికి పాలాభిషేకమా!"

"నీకు చక్కెరైనా వేస్తా ఉండా. పట్టుకో ఈ తీగని."

పది రోజులకు మళ్లీ రెండాకుల మీద చిటికెడంత తెల్లమచ్చ కనిపించింది. ఈసారి లోగనాయకి గుండె జారలేదు. ఊది చూసింది, తిరగేసి చూసింది, గిల్లి సంచిలో వేసింది. బూడిద మూట ఆ రోజు నుంచి మిద్దె ఎక్కలేదు. వేల్మురుగన్ "బూడిద వద్దా అక్కా ఇప్పుడు?" అని అడిగితే, "గిన్నెలు తోమేదానికి ఇయ్యి," అంది.

ఐదు పాదుల్లో ఇంకొకటి పోయింది. మూడు బతికాయి గానీ అలసిపోయి కాయలేదు. నాలుగోదానికి ఒకే ఒక్క కాయ నిలిచింది. పిడికిలంత, తర్వాత కొబ్బరికాయంత, పచ్చచారలు పోయి పసుపుకు తిరిగింది.

అప్పటికి వీరాసామి సంవత్సరీకం వారంలోకి వచ్చింది.

"అమ్మా, ఆ కాయ కోసి పప్పు చేస్తాం. నాయనకి ఆకులో ఏం పెడితే ఏం, ఆ పప్పు లేకుండా?" అంది కార్తిక. కూతురు తండ్రి కోసం నోరు తెరిచి అడిగింది ఆ ఏడాదిలో అదొక్కటే.

లోగనాయకి కాయను చేత్తో తడిమింది. కూరకు సరిగ్గా అదే పదను. గింజకు ఇంకా పదిహేను రోజులు తీగ మీదే ఉండాలి, తొడిమ ఎండాలి. ఇప్పుడు కోస్తే లోపల గింజ లొట్టే. కోయకుండా వదిలితే కాకి పొడవొచ్చు, మళ్లీ తెలుపు రావొచ్చు. అప్పుడు పప్పూ లేదు, గింజా లేదు.

కాయ మీంచి చెయ్యి తీసేసి, "గుమ్మడికాయ పులుసు చేస్తాం," అంది.

కార్తిక ముఖం తిప్పుకుంది. ఆ రోజు ఆకులో గుమ్మడికాయ పులుసే పడింది. కాకి వచ్చి తిన్నది కూడా. అయినా కూతురు సాయంత్రం బస్సెక్కేదాకా సరిగ్గా మాట్లాడలేదు.

పదిహేను రోజులు లోగనాయకి కాయకు పాత పంచెగుడ్డ చుట్టి కాపలా కాసింది. తొడిమ ఎండాక కోసి, గింజలు గిన్నె నీళ్లలో వేసి పిసికింది. తేలినవి పారబోసింది. మునిగినవి నీడలో పళ్లెంలో ఆరబెట్టింది. పళ్లెం నిండుగా వచ్చాయి. ఫోన్ చేసి, "గింజలొచ్చినాయి పాపా," అంటే, అవతల కార్తిక, "నాకు కూడా ఇయ్యి, మా ఇంటి ఎనకాల పెడతా," అంది.

మర్నాడు సెంగమలం గంప దించగానే లోగనాయకి కాగితం పొట్లం ఆమె చేతిలో పెట్టింది. వీరాసామి ఉన్నన్నాళ్లూ ఆ గింజ గడప దాటలేదు. అడిగినవాళ్లకు కాయ ఇచ్చేవాడు గానీ గింజ ఇచ్చేవాడు కాదు.

"ఏందక్కా ఇది?"

"మీ చేలో పెట్టు. ఒక్క మిద్దె మీదే ఉంటే ఎప్పుడో ఒకనాడు పోతాది."

సెంగమలం పొట్లం విప్పి, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికి చూసింది. "గట్టిగా ఉంది," అని పొట్లం మళ్లీ మడిచి రవికలో దోపుకుంది. "కాయ వస్తే నీకే మొదట తెస్తా. ముక్క నోట వేసుకొని చూసి వండు తల్లీ, చేదైతే నన్ను తిట్టేవు."

లోగనాయకి నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకొని, "రెండు కట్టలు ములగాకు ఇయ్యి," అంది.