కాసులమ్మ ఇంట బోర్లించని గిన్నెలు

ఫీనిక్స్ బే రేవులో ఓడ టికెట్లు ఇచ్చే కొలువు చేసుకుంటూనే కనకలక్ష్మి కొన్నేళ్లుగా ఒక నవల రాస్తున్నది. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఈ దీవులకు వలస వచ్చిన మత్స్యకారుల కథ అది. తండ్రి పట్టుబట్టి నేర్పిన తెలుగు అక్షరాలు ఆ ఇంట ఆమెతోనే ఆగిపోయాయి. పిల్లలు మాట్లాడతారే గాని చదవలేరు. తాను రాయకపోతే ఇక రాసేవారుండరన్న తొందర ఆమెను ఒకచోట నిలవనీయదు. కౌంటరు ముందు జనం విసుక్కుంటూ ఉంటే, ఆమె మనసు వాక్యాలు కూర్చుకుంటూ ఉంటుంది.

ఆ కథకు ఆధారం పెద్దమ్మ కాసులమ్మ. జంగ్లీఘాట్‌లో చేపలరేవుకు దగ్గరగా ఒంటరిగా ఉంటుంది. ఆమె భర్త గురునాథం చాలా ఏళ్ల క్రితం వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. కనకలక్ష్మి ప్రతి ఆదివారం వెళ్లి వలల సంగతులు, గాలుల పేర్లు, తొలినాటి పాకల ముచ్చట్లు అడిగి తెలుసుకునేది. గురునాథం తిరిగి రాని ఆ ఒక్క రోజును గురించి మాత్రం అడగలేకపోయింది. అడగకుండానే రాసేసింది: సూరన్న అని పేరు మార్చి, పడవ తిరగబడేలా చేసి, భార్య చేత గుండెలు బాదించింది. పెద్దమ్మకు వినిపించనిదే ఆ అధ్యాయాన్ని అచ్చుకు పంపరాదని నిశ్చయించుకుని, ఆ ఆదివారం కాగితాలు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. ఆమె వద్దంటే పుస్తకానికి ముగింపే లేదు. ఆటోలో దారి పొడుగునా సంచిని ఒకసారి ఒడిలోకి, ఒకసారి పక్కకు మారుస్తూనే ఉంది.

భోజనాలయ్యాయి. చదవడం ఎలా మొదలుపెట్టాలో తోచక, పెద్దమ్మ వారిస్తున్నా వినక, అంట్లు తోమడానికి కూర్చుంది. తోమిన అన్నపు గిన్నెను, తన ఇంటి అలవాటు చొప్పున, నీళ్లు ఓడడానికి అరుగు మీద బోర్లించింది.

గోడకు ఆనుకుని కూర్చున్న కాసులమ్మ మోకాళ్ల నొప్పి మాటే మరిచినట్లు లేచి వచ్చి, ఆ గిన్నెను తిప్పి నిలబెట్టింది.

"ఏటే లచ్మీ, మనిసి ఏటకెల్లిన ఇంట్లో గిన్నె బోర్లిస్తారేటి? ఆపీసు ఉజ్జోగం ఒచ్చి అన్నీ మరిసిపోనావు."

కనకలక్ష్మి చేతులు తుడుచుకుంటూ లేచింది. వేటకు పోయిన పడవ ఒడ్డు చేరేదాకా ఆ ఇంట పాత్ర బోర్లించరాదు. బోర్లిస్తే పడవ తిరగబడుతుందని వారి నమ్మకం. చిన్నతనంలో తల్లి చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నదే. తల తిప్పి చూస్తే అలమరలోని గ్లాసులు, చెంబులు, అటక మీది పెద్ద డేగిసా, అన్నీ నోరు పైకే ఉన్నాయి. ఇన్ని ఆదివారాలు వచ్చి, ఇన్ని ప్రశ్నలు వేసి, కంటి ఎదుట ఉన్నదాన్ని చూడలేదు. పెద్దమ్మ చేతులకు గాజులు ఎందుకున్నాయో, గురునాథానికి తద్దినం ఎందుకు పెట్టించలేదో అప్పుడు బోధపడింది. పెద్దమ్మకు ఆ పడవ ఇంకా సముద్రం మీదనే ఉన్నది.

చదవకుండా పంపడం ద్రోహం. చదివితే ఏమవుతుందో ఊహించడానికే భయం. కాగితాల సంచీ వాకిట్లో మేకుకు వేలాడుతున్నది.

"తెచ్చినావు కదా, సదువు," అన్నది కాసులమ్మే, సంచి వైపు చూసి.

కథలో గాలి లేచేదాకా చదవడం బాగానే సాగింది. పడవ ఒరిగే చోట ఆగిపోయింది. పెద్దమ్మ గాజులను ముందుకూ వెనక్కూ తోస్తూ కూర్చుంది.

"ఆ సూరన్న పడవ ములిగిపోడం ఎవులు సూసినారు?"

"ఎవరూ చూడలేదు, పెద్దమ్మా."

"మరి నువ్వెలాగ సూసినావు?"

నవలలు అలాగే రాస్తారని చెప్పబోయి, కనకలక్ష్మి కాగితాలను మడిచి ఒడిలో పెట్టుకుంది.

"ఆడి పడవని నువ్వు ముంచకు, బేటీ. మిగతాది నీ ఇష్టం."

వెళ్లేటప్పుడు స్టీలు డబ్బాలో చేపల పులుసు పోసి ఇచ్చి, కడిగి తెమ్మన్నది. ఎలాగ ఆరబెట్టాలో ఇప్పుడైనా తెలిసింది కదా అని దెప్పింది కూడా.

ఆ వారమంతా కనకలక్ష్మికి స్థిమితం లేదు. పడవను ముంచకపోతే కథ ఎక్కడ ఆగాలో తెలియదు. ముంచితే మళ్లీ పెద్దమ్మ గడప తొక్కే ముఖం ఉండదు. గిన్నె సంగతిని పుస్తకంలోకి తెద్దామని చేయి ఉరకలు వేసినప్పుడల్లా తన మీద తనకే రోత కలిగేది.

శనివారం మధ్యాహ్నం భర్త గోపినాథ్ అంట్లు కడిగి, అన్నిటితో పాటు ఆ డబ్బానూ బోర్లించాడు. ఆమె వచ్చి దాన్ని తిప్పి పెట్టింది. ఆ తరువాత బల్ల దగ్గరకు వెళ్లి, పడవ ఒరిగిన పేరాను కొట్టివేసింది. దాని చోట ఏమి రాయాలో తోచక, కలం మూత పెట్టీ తీసీ, పెట్టీ తీసీ కూర్చుంది.