నెట్టుకు ఊరు పెట్టిన కట్టు

తమిళనాడులో కళుగుమలైకీ కోవిల్‌పట్టికీ మధ్య నల్లరేగడిలో ఉన్న ఆ తెలుగువాళ్ళ ఊళ్ళో పెరియనాయగిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ‘కేబులక్క’ అంటారు. ఆమె భర్త దామోదరసామి వాన కోసం ఎదురుచూసే పత్తి సేద్యంతో విసిగిపోయి, ఎప్పుడో పెద్ద గొడుగంత డిష్ తెచ్చి మిద్దె మీద నిలబెట్టి ఊరందరికీ టీవీ చూపించినవాడు. ఆయన గుండె ఆగి పోయేనాటికి ఆ వ్యాపారం కూడా కొన ఊపిరితో ఉంది. ఉన్నది అమ్మేసి చేను చూసుకోమన్నారు చుట్టాలు. ఆమె వినలేదు. విరుదునగర్‌లో ఒక నెట్టు కంపెనీతో మాట్లాడుకుని, టీవీ తీగలు పోయే స్తంభాల మీదనే ఫైబర్ తీగలు లాగించింది. స్తంభాలెక్కేది పొన్నయ్య, దామోదరసామి కాలం నాటి మనిషి. ఇంటింటికీ పోయి పెట్టె బిగించేది, లైను పోతే తిట్లు తినేది ఆమె.

ఊరు పల్లంలో ఉంది. సెల్‌ఫోన్ సిగ్నల్ అక్కడికి దిగిరాదు. ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కాలి, వీడియో చూడాలంటే బస్సు ఆగే చోటిదాకా నడవాలి. అందుకని ఊరి నెట్టంతా ఆమె ముందుగదిలోని పెట్టె గుండానే పోవాలి. ఏ ఇంటికి ఆపాలన్నా, ఏ ఇంటికి వదలాలన్నా ఆమె చేతిలో పనే. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె పెద్దగా పట్టించుకోలేదు.

ఊరికి గుర్తు చేసింది పాప్పాత్తి. ఆమె కొడుకు రాత్రంతా ఫోన్లో ఆటలాడి, పగలు బడిలో నిద్రపోతున్నాడని మాస్టారు పిలిచి చీవాట్లు పెట్టాడట. పాప్పాత్తి ఇంకొందరు తల్లుల్ని వెంటబెట్టుకుని పంచాయతీ ప్రెసిడెంటు నల్లసామి దగ్గరికి వెళ్ళింది. నల్లసామి పది మందికి పని చెప్పే రైతు, మెత్తగా మాట్లాడే మనిషి. ఊరి నడుమ అందరూ కూడే మందలో కూటం పెట్టించాడు. రాత్రి తొమ్మిదికి నెట్టు ఆగాలి, తెల్లవారేదాకా రాకూడదు అని కట్టు చేశారు.

అప్పుడు పెరియనాయగి అడ్డు చెప్పలేదు. నిజానికి ఆమెకూ మంచిదే అనిపించింది. తల్లులు దారిలో కనిపిస్తే చేతులు పట్టుకుని నీకు పుణ్యముంటుందన్నారు. తన వల్ల ఊరికొక మేలు జరిగిందన్న తృప్తి కొన్నాళ్ళు ఆమెలో నిలిచింది.

తర్వాత యువరాణి వచ్చింది. కింది వీధి పిల్ల, అగ్గిపెట్టెల యూనిట్లో పనిచేస్తూ సర్కారు ఉద్యోగ పరీక్షకు చదువుతోంది. పాఠాలన్నీ నెట్టులోనే.

“అత్తా, మా ఒక్క ఇంటికి వదిలిపెట్టు. పొద్దంతా కంపెనీలో ఉంటాను. రాత్రి కూసుంటేదా చదివేకి అయితాది.”

“ఊరు చెప్పేసింది కదమ్మా, నేనేం చేసేది?”

“ఊరంటే ఎవురత్తా? మా వీధిలో ఒకరిని కూడా కూటానికి పిలవలేదే. నాకీ ఓటుండాది.”

ఆ పిల్ల వెళ్ళిపోయాక కూడా ఆ మాట పెరియనాయగి చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది. మర్నాడు నల్లసామి ఇంటికి వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన కాఫీ ఇప్పించి, శాంతంగా విని, ఒకరికి సడలిస్తే కట్టు కట్టుగా నిలవదని చెప్పాడు. న్యాయంగానే తోచింది. ఆమె లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఇంకో మాట అన్నాడు. తన కొడుకు కుమారవేల్ చెన్నై కంపెనీ పని ఇంటి నుంచే చేస్తున్నాడు, రాత్రిపూటే వాళ్ళకు మీటింగులు, కాబట్టి ఈ ఇంటి లైను మటుకు ఆపొద్దు. మజ్జిగలో ఉప్పు చాల్లేదన్నంత మామూలుగా అన్నాడు ఆ మాట.

ఆమె మింగలేక కక్కలేక ఇంటికొచ్చింది. ఆ సాయంత్రమే యువరాణి ఇంటి లైను కూడా తెరిచిపెట్టింది.

ఊళ్ళో అలాంటివి దాగవు. వారం తిరక్కుండానే పాప్పాత్తి వచ్చి గుమ్మంలో నిలబడింది. యువరాణికి ఎందుకిచ్చావని నిలదీసింది. కుమారవేల్‌కు కూడా ఉంది కదా, ఆ ఇంటికి పోయి అడగమంది పెరియనాయగి. అది ఉద్యోగం కదా వదినా, అంది పాప్పాత్తి. ఇది ఉద్యోగం కోసం చదువు అంటే, ఆ రెండూ ఒకటి కాదని తల అడ్డంగా ఊపింది. వాదించి లాభం లేదని పెరియనాయగి ముందుగదిలో పెట్టె దగ్గరికి వెళ్ళి, చేయడానికేమీ లేకపోయినా తీగలు సర్దుతూ కూర్చుంది.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు ప్రకటించారు. నల్లసామి మళ్ళీ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఎవరో మంచినీళ్ళ ట్యాంకు ఎక్కి లోపలంతా వీడియో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అడుగున బురద, గోడలకు పాచి, నీళ్ళ మీద చచ్చి తేలుతున్న ఉడుత. ట్యాంకు కడిగించామని పంచాయతీ చెప్పి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు.

ఇప్పుడు ఊరు కదులుతుందనుకుంది పెరియనాయగి. ఊరంతా ఆ వీడియో చూసింది. కొందరు ఏడుపు బొమ్మలు పెట్టారు, కొందరు నవ్వు బొమ్మలు. పక్క ఊళ్ళకు పంపారు. ప్రెసిడెంటు దగ్గరికి పోయి ఇదేమిటని అడిగినవాళ్ళు లేరు. నోరు తెరిచింది ఆయనే. మళ్ళీ కూటం పెట్టి, గ్రూపుల్లో అబద్ధాలు తిరుగుతున్నాయి, ఇలాగే పోతే పై వీధివాళ్ళూ కింది వీధివాళ్ళూ కొట్టుకుంటారు, ఓట్లు ముగిసేదాకా ఊళ్ళో నెట్టు ఆపేస్తే అందరికీ శాంతి అన్నాడు. చేతులెత్తమన్నాడు. లేచిన చేతుల్లో పాప్పాత్తి చెయ్యి కూడా ఉంది. ట్యాంకు నీళ్ళు తాగి ఆమె ఇంట్లో అందరికీ వాంతులైన సంగతి పెరియనాయగికి తెలుసు.

రెండు రోజుల్లో చెప్తానని వచ్చేసి, మర్నాడు బస్సెక్కి విరుదునగర్ వెళ్ళింది. కంపెనీ మేనేజరు చిన్న వయసు మనిషి. తమిళంలో అంతా చెప్పి ఏం చేయమంటారని అడిగింది. నెట్టు ఆపమనే అధికారం సర్కారుదేననీ, రాతపూర్వకంగా ఆర్డరు లేకుండా ఆపితే తప్పు ఆమెదే అవుతుందనీ అన్నాడు. సరే, ఆపను, మరి ఊళ్ళో గొడవైతే మీరు నా వెనక ఉంటారా అంది. అది మీ ఊరి వ్యవహారం మేడం, అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అంత దూరం వెళ్ళి ఒంటరితనమొకటి మూటగట్టుకు వస్తున్నాను కదా అనుకుంది.

బస్సు దిగి నేరుగా నల్లసామి ఇంటికే పోయింది. ఆయన వరండాలో నలుగురితో కూర్చుని ఉన్నాడు.

“సర్కారు కాగితం తీసుకురాండి మామా, ఆ నిమిసమే ఆపేస్తాను. మందలో చేతులెత్తినారని ఆపేకి నాకి కుదరదు.”

“ఊరికన్నా సర్కారు పెద్దదా పాపా?”

“ఊరు పెద్దదేనంటే, ట్యాంకు ఎందుకి కడగలేదని ఊరు మిమ్మల్ని అడగవలె. నన్ను కాదు.”

వరండాలో ఉన్నవాళ్ళు నేల చూపులు చూశారు. నల్లసామి కోపం తెచ్చుకోలేదు. సరి, నీ ఇష్టం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నెట్టు లేదని జనం ఆమె గుమ్మంలోకి రావడం మొదలైంది. పొన్నయ్యతో కలిసి చూసుకుంటూ పోతే, చెరువు దారిలో వరసగా నాలుగు స్తంభాల దగ్గర తీగ కత్తిరించి ఉంది. అతికించే మిషన్ కోవిల్‌పట్టి నుంచి తెప్పించాలి. ఎండలో పొన్నయ్య స్తంభం మీద, ఆమె కింద తీగ పట్టుకుని నిలబడితే, దారిన పోయే ప్రతివాళ్ళూ ఆగి ఎప్పుడొస్తుందని అడిగారు. ఇంత ఆలస్యమా అన్నారు. డబ్బు కడుతున్నాం కదా అన్నారు. ఎవరు కోశారని అడిగిన నోరు ఒక్కటి లేదు. కూటంలో నెట్టు ఆపమని చెయ్యెత్తిన మనిషి కూడా సీరియల్ పోతుందని విసుక్కున్నాడు.

“సిన్నయ్యా, వీళ్ళకి ఏమి కావాల?” అంది పైకి చూస్తూ.

పొన్నయ్య తీగ పళ్ళతో పట్టుకుని ఉన్నాడు. తీసి, “ఏమీ అడగకుండా అన్నీ కావాల,” అన్నాడు.

రెండోసారీ కోశారు. అతికించారు. మూడోసారి కోసేసరికి ఓట్ల రోజు వచ్చేసింది. బడి దగ్గర వరసలో నిలబడితే ఆడవాళ్ళు ఆమె చెవి దగ్గరికి వంగి నీదే న్యాయం అక్కా అన్నారు. ఇద్దరు ముగ్గురైతే చెయ్యి నొక్కారు కూడా. నల్లసామి పోయినసారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. మనవాడు కదా, చావుకీ పెళ్ళికీ ముందుంటాడు కదా అన్నారు. ఆమె రెండు రోజులు ఎవరింటికీ వెళ్ళలేదు.

మూడో రోజు లేచి ఇంటింటికీ తిరిగింది. తొమ్మిది గంటల కట్టు ఇక తాను నడపనని చెప్పింది. ఏ ఇంటి పిల్లల్ని ఆ ఇంటివాళ్ళే చూసుకోవాలి, పెట్టె వెనక మీట ఉంది, నొక్కితే ఆగుతుంది అని చేయి పట్టి చూపించింది. పాప్పాత్తి ఆ మీట వంక పామును చూసినట్టు చూసింది.

“నాకి వద్దు వదినా. నేను ఆపితే వాడు అన్నం తినడు, నన్ను తిడతాడు. నువ్వే ఆపు. ఊరు ఆపిందంటే వాడు నోరు మూసుకుంటాడు.”

“నీ బిడ్డకి వద్దని చెప్పేకి నీకి ధైర్యం లేదని, ఊరంతా చీకట్లో కూసోవలెనా?”

“అందరికీ ఒకటే అయితే నాకి సులువు,” అంది పాప్పాత్తి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెరియనాయగికి జాలి కలిగింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమూ వచ్చింది.

కొన్ని ఇళ్ళవాళ్ళు కనెక్షన్ తీయించేశారు, మళ్ళీ మిద్దెలెక్కడం మొదలుపెట్టారు. చాలామంది ఉంచుకున్నారు. యువరాణి కోవిల్‌పట్టిలో పరీక్ష రాసి వచ్చింది, ఫలితాలు ఇంకా రాలేదు.

మే ఒకటిన గ్రామసభ. నీళ్ళ ట్యాంకు సంగతీ, నెట్టు సంగతీ అక్కడే అడుగుదామని పెరియనాయగి ఊరంతా చెప్పి పెట్టింది. వస్తామన్నారు అందరూ. షామియానా కింద కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. యువరాణి వచ్చింది, పొన్నయ్య వచ్చాడు, నీడ కోసం ముసలివాళ్ళు కొందరు వచ్చారు. చాలినంత మంది లేరని పంచాయతీ గుమాస్తా సంతకాల పుస్తకం చంకలో పెట్టుకుని సర్కారు వంద రోజుల ఉపాధి పని జరిగే చోటికి మోపెడ్ మీద వెళ్ళాడు. అక్కడ గంపలు దించి అందరూ సంతకాలు పెట్టి పంపారట. సభ నిండిపోయింది.

పెరియనాయగి లేచి రెండు మాటలు చెప్పింది. ట్యాంకు కడిగించి, కడిగేటప్పుడు పిలిచి చూపించాలి. ఎవరింటి నెట్టు ఆపాలన్నా అన్ని వీధులనూ పిలవకుండా ఆపకూడదు. రెండోది కూడా రాయమని యువరాణి గట్టిగా అంది. గుమాస్తా తలెత్తి నల్లసామి ముఖం చూశాడు. రాసుకో, ఒకరి అభిప్రాయమని రాసుకో అన్నాడు ఆయన. అట్లాగే రాశారు. తీర్మానం కాలేదు.

ఎండలో ఇంటికి నడుస్తుంటే పాప్పాత్తి గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది.

“కూటం ముగిసిందా వదినా? ఏమి మాట్లాడినారు?”

“వచ్చుంటే తెలిసుంటాది.”

“పని ఉండాది కద,” అంది పాప్పాత్తి. ఇంకో తొడిమ తుంచి, “మా ఇంట్లో పొద్దున్నుంచీ నెట్టు సరిగా వచ్చేది లేదు. కాస్త చూడేన్,” అంది.

పెరియనాయగి గుమ్మం ముందు నిలబడిపోయింది. తర్వాత చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. పెట్టె వెనక తీగ వదులైంది. బిగించి, లైటు పచ్చగా వెలిగేదాకా చూసి, నీళ్ళిస్తానంటే వద్దని బయటికొచ్చేసింది.