చెంగయ్య పెట్టకారు కొండెక్కిన వైనం

మదనపల్లె నుంచి బి.కొత్తకోటకు పోయే దోవలో రోడ్డుకు ఎడమపక్క ఒక రేకుల షెడ్డు ఉండేది. ఎప్పుడు చూసినా దాని ముందర రెండు ఆయిలింజన్లు, విప్పి పరిచిన ఒక ట్రాక్టరు, తెగిన బెల్టులు. ఆ షెడ్డు చెంగయ్యది. చెంగయ్య పెద్ద చదువులు చదివినవాడు కాదు. ఊరిబళ్ళో అయిదు దాకా అయ్యవారు చెప్పినాడు. ఆ పైన చదువంతా బావిగట్టు మీద ఆయిలింజను చెప్పింది.

అయినా అతను చేసిన పనులు చిన్నవా? డెబ్భై రెండు కరువులో ఊళ్ళో ఏడు ఇంజన్లు మూలబడితే, ఏడింటినీ ఒక్క వారంలో పలికించినాడు. గాలి లేక చెనిక్కాయలు తూర్పారబట్టలేక రైతులు ఆకాశం చూస్తా కూర్చుంటే, సైకిలు చక్రానికి రేకు రెక్కలు బిగించి ఫ్యాను చేసి ఇచ్చినాడు. అట్లాంటి ఫ్యాను పెద్దమండ్యం దాకా చేయించుకున్నారు. మదనపల్లె సినిమాకొట్టాయిలో జనరేటరు నిలిచిపోయి జనం కుర్చీలు విరిచే సమయానికి, లుంగీ ఎగ్గట్టి లోపలికి పోయి పావుగంటలో బొమ్మ ఆడించినాడు. అవన్నీ ఒక ఎత్తు. ఎనభై ఆరో సంవత్సరంలో చేసిన పని ఒక్కటే ఒక ఎత్తు.

ఆ ఏడు చెంగయ్య ఒక బుల్లికారు కొన్నాడు. మదనపల్లెలో ఒక డాక్టరు చెట్టుకు గుద్ది వద్దనుకున్న కారు. మూడు సిలిండర్లు, తెల్లరంగు, లీటరు పెట్రోలుకు ఇరవై కిలోమీటర్లు. ముందరి భాగం కొత్తగా చేసి రంగు వేసి ఇంటిముందు నిలిపితే, పొదిగే కోడిపెట్ట మాదిరి ఉందని ఊరంతా దానికి పెట్టకారు అని పేరు పెట్టినారు.

కారు వచ్చిన రెండో ఆదివారం పుంగనూరు నుంచి బామ్మర్ది గంగాధరం, అతని పెండ్లాం వసంతమ్మ వచ్చినారు. గంగాధరం ప్రైవేటు బస్సు డ్రైవరు. హార్స్లీ హిల్స్ పోదామన్నారు. చెంగయ్య, పెండ్లాం రమణమ్మ, తండ్రి రామప్ప, వచ్చిన ఇద్దరు, వెరసి అయిదుమంది. రమణమ్మ ఒళ్ళో గంపెడు చిత్రాన్నం.

ఘాటురోడ్డు మూడో మలుపు దాకా కారు బాగానే పోయింది. మలుపు తిరిగినాక మూలగడం మొదలుపెట్టింది. తరువాత నిలిచిపోయింది.

"ఏమప్పా, నిలబడిపోయిందే?" అన్నాడు రామప్ప వెనకనుంచి.

"నిలబడలేదు నాయనా. ఊపిరి తీసుకుంటాండాది."

"ఊపిరి కాదు బావా," అన్నాడు గంగాధరం. "గుడ్డు పెడతాండాది. కదిలించొద్దు."

అందరూ దిగినారు. దిగినా చాల్లేదు, తొయ్యాల్సి వచ్చింది. రామప్ప అంటే మామూలు మనిషా? పుంగనూరు ఆవుల పెంపకంలో ఆ చుట్టుపక్కల అంత పేరున్నవాడు లేడు. తిరునాళ్ళలో జరిగే పశువుల పరసలో అతని ఆవు నిలబడితే మిగిలినవాళ్ళు పలుపులు పట్టుకుని ఇంటికి పొయ్యేవాళ్ళు. అట్లాంటి మనిషి ఇస్త్రీ పంచె పైకి కట్టి, డెబ్భై ఏండ్ల వయసులో కారు వెనక తోస్తా ఉంటే, సరిగ్గా అప్పుడే ఒక బస్సు పక్కనుంచి పోయింది. అతని దగ్గిర ఆవును కొన్న మనిషి ఒకడు కిటికీలోంచి తల పెట్టి, "ఏం రామప్పా, ఆవులు ఇడిసిపెట్టి ఇనప దున్నను తోల్తాండావా?" అని అరిచినాడు. బస్సంతా నవ్వింది.

ఇంటికి వచ్చినాక రామప్ప కాళ్ళు కడుక్కుని అరుగుమీద కూర్చుని అప్పుడు చెప్పినాడు.

"సూడు చెంగయ్యా. ఆ షెడ్డు ఉండేది నా నేలలో. ముప్పై సెంట్లు, బోరునీళ్ళు పారే నేల. రెడ్డి కొడుకు మడక దున్నేది ఇడిసి గ్రీజు పూసుకుంటాంటే ఇన్నాళ్ళూ ఊరుకున్నా. రేపు టమేటా నారు పోస్తాండాను. నెలకు నాటుకు వస్తాది. ఆలోగా ఇదే కారులో ఇదే అయిదుమందిని, ఒక్కరిని దించకుండా కొండమీదికి ఎక్కించు. ఎక్కితే ఆ నేల నీ పేరున రాసిస్తా. ఎక్కలేదా, రేకులు ఊడబెరికి ఆవులకొట్టం మీద ఏసి, ఆ నేలలో టమేటా నాటతా. నువ్వు మడక పట్టు."

రామప్ప మాట అంటే మాటే. మర్నాడు పొద్దున్నే షెడ్డు పక్కన మడి చేసి నారు పోసినాడు. ఇంక చెంగయ్యకు దినాలు లెక్కపెట్టేదానికి క్యాలెండరు అక్కరలేకపోయింది. మడి చూస్తే చాలు.

కారుకు జబ్బేమీ లేదని చెంగయ్యకు తెలుసు. ఉండేదే చిన్న ఇంజను. అంత బరువుతో కొండ ఎక్కాలంటే దానికి గాలి చాలడం లేదు. గాలి అనగానే అతనికి కుప్పంలో రాతిగనుల దగ్గిర చూసిన పెద్ద కంప్రెసరు మతికి వచ్చింది. దాని ఇంజనుకు పక్కన నత్తగుల్ల మాదిరి ఒకటి ఉండె. టర్బో అంటారన్నారు.

"అది ఏం చేస్తాది?" అని అడిగింది రమణమ్మ, పొయ్యి ఊదుతా.

"ఇంజన్లోంచి వచ్చే పొగ ఊరికే బయటికి పోతాండాది కదా. దాని దోవలో ఒక చిన్న ఫ్యాను పెడతారు. పొగ తోపుకు అది గిర్రున తిరుగుతాది. అదే ఇరుసుకు ఆపక్క ఇంకొక ఫ్యాను. అది గాలిని ఇంజన్లోకి కుక్కుతాది."

రమణమ్మ ఊదుగొట్టం దించి మొగుని వైపు చూసింది. "అంటే తన పొగతో తన పొయ్యి తానే ఊదుకుంటాదా? అట్లాంటి పొయ్యి నాకొకటి చేసిపెట్టకూడదా? పదేండ్లుగా ఊదుతాండాను, కారు నిన్న వచ్చింది!"

మర్నాడు చెంగయ్య కుప్పం పోయినాడు. గనుల దగ్గిర మూలబడిన యంత్రాలు కొని విడిభాగాలు అమ్మే మునస్వామి అక్కడ ఉన్నాడు. అతని దగ్గిర దొరికిన టర్బోను గోనెసంచిలో కట్టుకుని బస్సుమీద వేసుకొచ్చినాడు. అదొక దుత్తకుండంత ఉంది. రెండు దినాలు కష్టపడి బిగించి ఇంజను లేపితే దాని ఫ్యాను కదల్లేదు. పెట్టకారు పొగకు అంత రెక్కను తిప్పే బలం యాడ ఉంటాది?

"చీమ ఊదితే తిరగలి తిరుగుతాదా బావా?" అన్నాడు గంగాధరం.

చెంగయ్య మళ్ళీ కుప్పం పోయినాడు. మునస్వామి పాత ఇనుమంతా తిరగేసి, ఏదో ఫారిన్ కారు నుంచి ఊడదీసిన ఇంకో టర్బో బయటికి తీసినాడు. టెంకాయంత ఉంది. వేలితో తడితే చాలు, బొంగరం మాదిరి తిరిగింది.

అప్పటికి మడిలో నారు రెండాకులు వేసింది.

బిగించడమంటే మాటలు కాదు. కార్బొరేటరును జరిపి టర్బో ముందర పెట్టినాడు. టర్బో ఇరుసుకు నూనె అందాల కాబట్టి ఇంజను నుంచి సన్నటి రాగిగొట్టం తీసినాడు. అంత గాలి ఒక్కసారి దూరితే లోపల టకటక కొట్టుకుంటుంది. ఆ ఒత్తిడి తగ్గాలంటే ఇంజను మూతను కొంచెం ఎత్తాల, మధ్యలో మందమైన రాగిరేకు పెట్టాల. రాగిరేకు కోసం మదనపల్లె అంతా తిరిగి ఇంటికి వచ్చినాడు. ఇంట్లో నీళ్ళపొయ్యి మీద కనబడింది.

సాయంత్రం రమణమ్మ పెరట్లోంచి కేక పెట్టింది. "ఏమప్పా! మా నాయన పుంగనూరు నుంచి మోసుకొచ్చిన, నీళ్ళు కాచే రాగి అండా యాడ?"

"కారెక్కింది."

"అండా కారెక్కేదేంది?"

"అడుగు కారతాండాదని నువ్వే కదా అన్నావు. అడుగు ఆడనే ఉండాది, సూడు. నేను పక్కలే కోసినా."

రమణమ్మ ఆ పూట మొగునితో మాట్లాడలేదు. మాట్లాడకుండానే అన్నం పెట్టింది, మాట్లాడకుండానే టార్చిలైటు కూడా పట్టింది.

ఇరవయ్యో దినం ఇంజను లేపినాడు. పెట్టకారు ఈల వేసింది. నిజంగా ఈలే, సన్నగా, పిల్లగాలి తాటాకులో దూరినట్టు. గంగాధరాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వెనక రెండు చెనిక్కాయల మూటలు వేసుకుని కొండకు పోయినాడు. మూడో మలుపు వచ్చింది, పోయింది. కట్టు విప్పిన దూడ మాదిరి కారు పైకి ఎగబాకింది.

"బావా, నీ కాళ్ళు యాడున్నాయో చెప్పు, మొక్కుతా," అన్నాడు గంగాధరం.

ఆ పక్క డ్రైవర్లందరికీ ఒక అలవాటు. కొండ నెత్తికి ఎక్కీ ఎక్కగానే ఇంజను ఆపి, గేరు తీసి, కిందిదాకా బండిని ఊరికే వదిలేస్తారు. పెట్రోలు చుక్క మిగిలితే అదొక గొప్ప. చెంగయ్య కూడా కారు వెనక్కి తిప్పి, అట్లే ఆపి, చల్లగా దిగి వచ్చినాడు. నమ్మకం కోసం ఇంకో రెండు దినాలు అట్లే ఎక్కి, అట్లే దిగినాడు. మూడోసారి కింద ఇంజను లేపగానే ఈల బదులు కీచుమని అరుపు, వెనకంతా నీలంపొగ. ఇరుసు బిగుసుకుపోయింది.

విప్పి చూస్తే, ఇరుసుకు తొడిగిన బుషుల్లో నూనె కాలి బొగ్గయి ఉంది. నూనె గొట్టం చూసినాడు, బాగుంది. ఇంజను ఆడిస్తే నూనె ధారగా వస్తా ఉంది. మరి కాలిందెట్లా? కుప్పం పోతే మునస్వామి ఆ సైజు బుషులు ఒక్క జత ఇచ్చి, "ఇంతే చెంగయ్యా. ఇంకో జత కావాలంటే జపాను పోవాల," అన్నాడు.

నారు జానెడు ఎదిగింది. ఇంకో నాలుగు దినాల్లో నాటు. చేతిలో ఒక్క జత బుషులు. బిగిస్తే మళ్ళీ కాలుతుందేమో, బిగించకపోతే షెడ్డు పోతుంది. చెంగయ్య బుషులు అరచేతిలో పెట్టుకుని మధ్యాన్నం అన్నానికి కూడా లేవకుండా కూర్చున్నాడు.

రామప్ప మడికి నీళ్ళు కట్టే దానికి వచ్చి, కొడుకు ముఖం చూసినాడు. పట్టించుకోనట్టు పార తిరగేస్తా అడిగినాడు.

"కొండ నెత్తిన ఏం చేసినావు?"

"ఏముంది నాయనా, ఆపేసినా. దిగేదానికి ఇంజను యాల? పెట్రోలు దండగ."

"ఎక్కీ ఎక్కంగానే?"

"ఎక్కీ ఎక్కంగానే."

రామప్ప పార కింద పెట్టినాడు. "చిన్నప్పుడు ఒకసారి ఎద్దును తరుముకుంటా కనుమ ఎక్కించి, తెచ్చి అట్లే గాటికి కట్టేసినావు. పొద్దునకు దాని కాళ్ళు పట్టుకుపోయినాయి. అప్పుడు నేనేం చెప్పినా?"

"చెమట ఆరేదాకా మెల్లగా నడిపించి కట్టెయ్యాల అన్నావు."

"మరి?"

చెంగయ్య తండ్రి ముఖం చూసినాడు, కారు చూసినాడు. ఇంజను ఆగితే నూనె తోసే పంపూ ఆగుతుంది. టర్బో మాత్రం కొలిమిలో ఇనుము మాదిరి కాగి, ఇంకా తిరుగుతానే ఉంటుంది. ఆ వేడికి లోపల ఉన్న చుక్క నూనె మాడి బొగ్గవుతుంది. "నాయనా!" అని ఒక్క కేక పెట్టి షెడ్డులోకి ఉరికినాడు.

వెనకనుంచి అన్నం గిన్నె తెచ్చిన రమణమ్మ నవ్వింది. "ఏం మామా, కారు ఎక్కితే నీ టమేటా తోట పోతాది గదా?"

"నేను కారుకు చెప్పలేదమ్మా," అన్నాడు రామప్ప పార ఎత్తుకుంటా. "గొడ్డు బాధ సూడలేక చెప్పినా."

నాటు ముందురోజు ఆదివారం. అదే అయిదుమంది, అదే గంపెడు చిత్రాన్నం. రామప్ప ఈసారి ముందు సీట్లో కూర్చున్నాడు, ఇస్త్రీ పంచె నలగకుండా. మొదటి మలుపు దాకా గంగాధరం వాగుతానే ఉన్నాడు. రెండో మలుపులో నోరు మూసినాడు. మూడో మలుపులో ఎవరూ ఊపిరి తీయలేదు, తీస్తే ఆ బరువు కూడా కారు మీద పడుతుందేమో అన్నట్టు. ఇంజను ఒక్క క్షణం గొణిగింది. చెంగయ్య గేరు దించి తొక్కినాడు. పొగ ఫ్యానును అందుకుంది, ఫ్యాను ఈల అందుకుంది, పెట్టకారు రెక్కలొచ్చినట్టు మలుపు దాటింది. ముందర ఒక బస్సు మూలుగుతా ఎక్కుతా ఉంది. దాన్ని దాటేటప్పుడు రామప్ప కిటికీలోంచి తల పెట్టి బస్సు మొత్తం మీద ఒక చూపు చూసినాడు. తెలిసినవాడు ఒక్కడూ లేడే అని ఇంటికి పోయినదాకా బాధపడినాడు.

కొండ నెత్తిన కారు నిలబడింది. ఒక్కరూ దిగలేదు. గంగాధరం సంతోషం పట్టలేక వెనకనుంచి వంగి, అలవాటు చొప్పున తాళంచెవి మీద చెయ్యి వేసినాడు. రామప్ప ఆ చేతిమీద టపీమని ఒకటి కొట్టినాడు.

"చెయ్యి తియ్! నీ బస్సనుకున్నావా? చెమట ఆరనీ."

ఇంజను మెల్లగా ఆడతా ఉంది. రామప్ప దిగి, ఎద్దును చూసినట్టు కారు చుట్టూ ఒక చుట్టు తిరిగినాడు. వేళ్ళ గణుపులు పట్టుకుని నూరు దాకా లెక్కపెట్టినాడు. బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఊఁ, ఇప్పుడు ఆపు," అన్నాడు. చెంగయ్య ఆపినాడు. ఈల సన్నగా తగ్గి తగ్గి నిలిచిపోయింది. చిత్రాన్నం తిని దిగేటప్పుడు ఇంజను ఆడతానే ఉంది. ఆడిస్తే ఎంత పెట్రోలు దండగో ఎవరూ అడగలేదు.

రామప్ప మాట తప్పలేదు. ఆ వారమే మదనపల్లె పోయి ముప్పై సెంట్లూ కొడుకు పేరున రిజిస్టరు చేయించినాడు. నారు ఊరికే పోనిస్తాడా? షెడ్డుకు మూడుపక్కలా గట్టు వెంబడి నాటించినాడు. ఆ ఏడు ఇంజను చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ గోనెసంచిలో నాలుగు టమేటాలు వేసుకుపోయినాడు.

టర్బో కారు చూసేదానికి కుప్పం నుంచి, పుంగనూరు నుంచి జనం వచ్చేవాళ్ళు. వాళ్ళకు ఇంజను చూపించేది చెంగయ్య, మిగతా కథ చెప్పేది రామప్ప. ఆయన చెప్పే కథలో ఇంజను తక్కువ, ఎద్దు ఎక్కువ. కొండ దిగి వచ్చిన బండి ఏదైనా షెడ్డు ముందర నిలబడితే, లారీ గానీ జీపు గానీ, బల్లమీద కూర్చున్న ముసలాయన చెయ్యి ఎత్తి, "ఆపొద్దు, ఉండు," అని గణుపులు పట్టుకునేవాడు. అరవై దాకా వచ్చి, మీ పక్క వాన పడిందా అని అడిగేవాడు. ఆ మాటల్లో లెక్క మరిచిపోయి మళ్ళీ యాభై నుంచి మొదలుపెట్టేవాడు. డ్రైవర్లు స్టీరింగు పట్టుకుని, నవ్వుకుంటా, ఆయన నూరు అనేదాకా కూర్చునేవాళ్ళు.