అత్తగారి టమాటా

సైబీరియాలోని మినుసిన్స్క్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా పళ్ళెంలో టమాటా ముక్కలు పెడతారు. కపితొలీనా యెగోరొవ్నా ఇంట్లో మాత్రం ఆ ముక్కలకి గింజలుండవు, రసం ఉండదు. ఆమె చెంచాతో లోపలి గుజ్జంతా తోడేసి, ఉత్త కండ కోసి, పైన పుల్లమీగడ వేసి తెస్తుంది. పళ్ళు లేనివాళ్ళు ఇబ్బంది పడకూడదని చెబుతుంది. ఆ వీధిలో పళ్ళు లేనివాళ్ళు ఎవరూ లేరు.

అసలు సంగతి అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో మనిషికి టమాటా ఇచ్చారంటే విత్తనం ఇచ్చినట్టే. కపితొలీనాకి ఆ విత్తనం గడప దాటడం ఇష్టం లేదు.

అది అత్తగారి విత్తనం. అత్తగారు ఉల్యానా సవ్విచ్నా పోయేముందు దిండు కింద నుంచి చిన్న గుడ్డమూట తీసి కోడలి చేతిలో పెట్టింది. కొడుక్కి ఇవ్వలేదు. "వాడికి ముల్లంగికీ టమాటాకీ తేడా తెలీదు. బయట ఎవరికీ ఇవ్వకు" అంది. కపితొలీనా ముప్ఫై ఏళ్ళు నగర గ్రంథాలయంలో పనిచేసిన మనిషి. పేరు లేని వస్తువు ఇంట్లో ఉంటే ఆమెకి నిద్ర పట్టదు. కాగితప్పొట్లం చేసి, పైన సిరాతో "అత్తగారు" అని రాసింది. పండు గులాబీ రంగు, రెండు చేతుల్లో పట్టేంత, భుజాల దగ్గర మడతలు. నీళ్ళు ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే ముడుచుకుంటుంది. పక్కన వేరే రకం నాటితే ఆకులతో కమ్మేస్తుంది.

"పేరు నేను పెట్టలేదు. అదే తెచ్చుకుంది" అంటుంది కపితొలీనా.

ఏటా ఫిబ్రవరిలో, బయట చలికి గాజు మీద మంచు పువ్వులు పూసిన రోజుల్లో, ఆమె వంటింటి బల్ల మీద పొట్లాలన్నీ పరుస్తుంది. ముప్ఫై ఒక్క రకాలు. గాజు షెడ్డులో చోటు ముప్ఫై ఆరు మొక్కలకే. పొట్లాలు అటు జరిపి, ఇటు జరిపి, ఒకటి తీసేసి, మళ్ళీ జాలిపడి పెట్టేస్తుంది. ఆ సమయంలో భర్త రోదియోన్ టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చుంటాడు.

"నా ఉప్పు టమాటాలకి ఎన్ని మొక్కలే?"

"నాలుగు."

"పోయినేడు ఆరిచ్చావుగా."

"పోయినేడు నువ్వు షెడ్డు తలుపు బాగుచేశావు."

"అత్తగారికి పన్నెండా! మా అమ్మ బతికున్నప్పుడు కూడా ఇంట్లో అంత చోటు తీసుకోలేదే."

"తీసుకుంది. నువ్వు ఫ్యాక్టరీలో ఉండేవాడివి, చూడలేదు."

ఈ ఏడు ఆ పన్నెండు మొక్కలతోనే ఇంట్లో ఉన్న అత్తగారి విత్తనం ఖాళీ అయింది. అంతకు ముందటి వానలకి పండు కుళ్ళి గింజ తక్కువ వచ్చింది. ఉన్నదంతా మార్చిలో నాటితే పన్నెండే మొలిచాయి. జూన్ మొదట్లో ఒక మంచు దెబ్బ తగిలింది. కపితొలీనా పాత కోట్లు, దుప్పట్లు, చివరికి కిటికీ తెరలు కూడా కప్పింది. తెల్లారేసరికి పదకొండు నల్లబడ్డాయి. నీళ్ళ పీపా పక్కనున్నది ఒక్కటే ఆ వెచ్చదనానికి బతికింది.

బుద్ధిమంతురాలైతే ఆ మొక్కకి నాలుగు పిందెలైనా ఉంచేది. కానీ ఆగస్టులో టమాటా పండుగ ఉంది. తక్కెడలు, బల్లలు, పాటలు, మైకులో పేర్లు. మొదటి గుత్తిలో రెండు పువ్వులు కలిసిపోయి పూసిన పెద్ద పువ్వొకటి కనిపించింది. దాన్ని చూడగానే ఆమెకి ఆశ పుట్టింది. ఆ ఒక్కటీ ఉంచి మిగతావన్నీ తుంచేసింది.

పండు కిలో మూడు వందల ఎనభై గ్రాములు తూగింది. రెండో బహుమతి, కరెంటు కెటిల్. ఆ సాయంత్రమే ఆమె పండు కోసి, గుజ్జంతా గాజు సీసాలోకి తీసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి వంటింటి కిటికీలో పెట్టింది. మూడు రోజులు పులిస్తే గింజ చుట్టూ ఉండే జిగురు వదులుతుంది, అప్పుడు కడిగి ఆరబెట్టాలి. మొక్కకి అప్పటికే ఆకుమచ్చ తగిలింది. దాన్ని పీకి కాల్చేసింది. ఇక అత్తగారంటూ మిగిలింది ఆ సీసాలోనే.

మూడో రోజు రాత్రి రోదియోన్ తమ్ముడింట్లో కొత్త స్నానాల గది ప్రారంభం జరిగింది. ఆవిరితో పాటు వోద్కా కూడా నడిచింది.

నాలుగో రోజు పొద్దున కపితొలీనా పెరట్లోంచి సోయాకూర కట్టతో లోపలికి వచ్చేసరికి రోదియోన్ కిటికీ దగ్గర నిలబడి మీసం తుడుచుకుంటున్నాడు.

"ఏమే కాపా, ఈసారి దోసకాయ ఊటలో ఉప్పు తక్కువ వేశావే."

"ఏ ఊట?"

"ఇదిగో, గుడ్డ కట్టింది. పైన బూజు కట్టినా లోపల బాగానే ఉంది. చిక్కగా ఉంటే రాత్రి తాగినదాని తలనొప్పికి ఇంకా మంచిదనుకున్నాను."

సీసా ఖాళీగా ఉంది. గుడ్డ నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టి ఉంది. అతను శుభ్రమైన మనిషి.

కపితొలీనా స్టూలు మీద కూలబడింది. "మీ అమ్మని తాగేశావు కదయ్యా!"

రోదియోన్ గబగబా శిలువ గుర్తు వేసుకున్నాడు. "అమ్మ పోయి పదకొండేళ్ళయిందే."

"ఇప్పుడు పోయింది, పూర్తిగా."

విషయం అర్థమయ్యాక అతను సీసాని తలకిందులు చేసి చూశాడు. కపితొలీనా లేచి వరండాలోకి వెళ్ళి, ఒక బకెట్ తెచ్చి అతని ముందు పెట్టింది. టమాటా గింజ కడుపులో పడినా చావదు. ఆ సంగతి తోట ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు, మరుగుదొడ్డి వెనక ఏటా వాటంతటవే మొలిచే మొక్కలవల్ల.

"ఇదేమిటి?" అన్నాడు రోదియోన్, తెలిసి కూడా.

"రెండు రోజులు ఎక్కడికీ వెళ్ళకు."

"కాపా, నాకు అరవై నాలుగేళ్ళు. నా కింద నలభై మంది పనిచేశారు."

"నేను ఎవరికీ చెప్పను."

"నువ్వు చెప్పవు. నాకు తెలుస్తుందిగా! ఆ పండు తింటున్న ప్రతిసారీ తెలుస్తుంది." అతను బకెట్‌ని కాలితో నెమ్మదిగా అవతలికి జరిపాడు. "ఫయీనా దగ్గరికి వెళ్ళు. నువ్వైతే అరగంట సిగ్గుపడితే సరిపోతుంది. నేను రెండు రోజులు పడలేను."

ఫయీనా పక్కింటావిడ. కపితొలీనా కూతురిని జ్ఞానస్నానంలో ఎత్తుకున్న జ్ఞానతల్లి. ఆ వరసన ఇద్దరూ ఒకరినొకరు కూమా అని పిలుచుకుంటారు, అంటే పిలుచుకునేవారు. రోదియోన్ అరవయ్యో పుట్టినరోజు విందులో టమాటా ముక్కల్లో ఎలా తప్పించుకుందో ఒక గింజ మిగిలిపోయింది. ఫయీనా రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు కపితొలీనాకి నచ్చలేదు. అప్పటినుంచి కంచె మీదుగా "చలి ఎక్కువైంది", "అవును" అనే మాటలే.

ఆమె శుభ్రమైన తలగుడ్డ కట్టుకుని వెళ్ళి గేటు తట్టింది.

"కూమా, ఉన్నావా?"

"లేను. నాలుగేళ్ళుగా నువ్వు రాకపోతే చచ్చిపోయాననుకున్నా నేనే" అని లోపలినుంచి వినిపించింది. తర్వాత ఫయీనా వచ్చింది, లావుగా, మోచేతులదాకా జామ్ మరకలతో. "ఏం కావాలి?"

"టమాటాలు ఎలా కాశాయా అని."

"పసుపువి బాగా కాశాయి."

"పసుపువి కాదు."

"మరేవి?"

"నీ స్నానాల గది వెనకవి."

ఫయీనా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది, అవసరమైన దానికంటే ఎక్కువసేపు. "ఎవరు చెప్పారు?"

"కంచె సందులోంచి మూడేళ్ళుగా చూస్తున్నాను."

"చూసి ఊరుకున్నావా?"

"ఏమని అడగను? మా ఇంట్లో తిన్న గింజ తిరిగివ్వమనా?"

ఫయీనా ఆమెని లోపలికి తీసుకెళ్ళింది. ముందుగదిలో కిటికీ గట్టు మీద పాత దినపత్రికలు పరిచి తొమ్మిది పళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. గులాబీ రంగు, భుజాల దగ్గర మడతలు. కపితొలీనా వాటిని చూసి, అనుకోకుండా తలగుడ్డ సర్దుకుంది.

జరిగింది చెప్పాల్సి వచ్చింది. సీసా దగ్గరికి వచ్చేసరికి ఫయీనా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "రుచెలా ఉందన్నాడు?" అంది.

"ఉప్పు తక్కువైందన్నాడు."

ఇంకో ఐదు నిమిషాలు పట్టింది ఆమె మామూలు మనిషి కావడానికి.

"సరే, ఏ పండు కావాలంటే అది తీసుకో. కానీ ముందు నాకు థాంక్స్ చెప్పు."

కపితొలీనా ఉలిక్కిపడింది. విత్తనానికి గానీ నారుకి గానీ థాంక్స్ చెబితే మొలవదు. ఆ ప్రాంతంలో ఎవరూ చెప్పరు, తీసుకుని తల తిప్పుకుని వెళ్ళిపోతారు.

"కూమా, అది తప్ప ఇంకేదైనా చెబుతాను."

"నాకు అదే కావాలి. నీ పిల్లని చర్చిలో ఎత్తుకున్నాను. మీ ఆయన కాలు విరిగితే మా బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక్కసారి అన్నావా? అన్నీ లోపలే దాచుకుంటావు, ఆ గింజల్లాగే."

"నువ్వు మంచిదానివి."

"అది నాకు తెలుసు."

కపితొలీనా నోరు తెరిచింది. తొమ్మిది పళ్ళూ ఆమెకేసి చూస్తున్నట్టున్నాయి. మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ముఖం ఎర్రబడింది. రెండు చేతులతో ఏప్రన్ అంచు మెలిపెట్టింది. ఆ మాట నిజంగానే నోటిదాకా వచ్చింది, అదీ ఒకటి కాదు, ఇన్నేళ్ళవి.

ఫయీనా ఆమె అవస్థ కాసేపు చూసింది. అందులో తనకి కావలసింది దొరికినట్టే ఉంది.

"పో, ఇవ్వను" అని లేచింది. "ఇచ్చిన విత్తనం ఏం పెరుగుతుందిలే. దొంగతనంగా తెచ్చిందైతే చూడు, ఒక్క గింజ, ఎక్కడిదాకా వచ్చిందో! జామ్ అడుగంటుతోంది. నేను వంటింట్లో ఉంటా. నాకు వెనక ఏం జరుగుతోందో కనిపించదు."

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు మొదలైంది, జామ్‌కి అన్ని గిన్నెలు అక్కర్లేదు.

కపితొలీనా కిటికీ దగ్గరికి వెళ్ళింది. అన్నిటికంటే పెద్దది తీసి, తొడిమ దగ్గర సన్నటి పగులు చూసి పెట్టేసింది. రెండోది బరువుంది గానీ అడుగున మచ్చ. మూడోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాలుగోది వెలుతురుకి పట్టి తిప్పింది.

గిన్నెల చప్పుడు ఆగింది. "ఏమైంది? పోయావా?"

"ఉండు, ఇది రెండో గుత్తిదా మూడోదా?"

"దొంగలు అడగరు!"

"మూడోదైతే గింజ నాసిగా ఉంటుంది."

"రెండోదే, ఆ చివరిది! తొందరగా కానియ్. నా దగ్గర ఇంక గిన్నెల్లేవు!"

మళ్ళీ ఒక మూత పడింది. కపితొలీనా చివరి పండుని ఏప్రన్‌లో చుట్టుకుంది. వాకిట్లోకి వచ్చింది. గేటు దాకా నెమ్మదిగానే నడిచింది. అంతలో ఫయీనా మెట్ల మీదికి వచ్చి, గరిటె పైకెత్తి, వీధంతా వినబడేలా అరిచింది:

"దొంగ! నా టమాటా! పట్టుకోండి దాన్ని!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కపితొలీనా యెగోరొవ్నా రబ్బరు బూట్లతో, పొట్టకి అదుముకున్న మూటతో, నవ్వాపుకుంటూ పరిగెత్తింది.