టీ కొట్టులో దొరికిన పాత పేరు

ముజుజు పట్టణంలోని మా చిన్న రేడియో స్టేషన్‌లో లుసుంగు వార్తలు చదివేది. ఎవరి మాటా ఊరికే నమ్మే మనిషి కాదు. మంత్రి చెప్పినా, మామిడిపళ్ల బేరగాడు చెప్పినా ఇంకొకరిని అడిగి తేల్చుకున్నాకే రాసుకునేది. ఒక్కసారి మాత్రం అలా తేల్చుకోలేదు.

ఆ ఏడాది వానలకు ముందు స్టేషన్‌లోని వైఫై డబ్బా మాయమైంది. తాళం పగల్లేదు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? వాచ్‌మన్ దగ్గరేగా," అన్నాడు మేనేజర్ ఎడ్గర్.

"ఆయనే తీసుంటాడు. ఇంకెవరు తీస్తారు?" అంది లుసుంగు, గేటు దగ్గర అందరూ వింటుండగా.

పద్నాలుగేళ్లుగా ఆ గేటు కాసిన ముసలి యోనా, "నా మొహం చూసి చెప్పు తల్లీ," అన్నాడు. ఆమె తన చేతిలోని కాగితాల వైపు చూసింది. మర్నాటి నుంచి యోనాని పనిలోకి రావద్దన్నారు. కొత్త డబ్బా తెచ్చి, కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టారు.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం, వాన పట్టుకుంటే లుసుంగు బస్టాండ్ పక్కన న్యాగోండ్వే టీ కొట్లో దూరింది. వార్తలు రాసుకుందామని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమెది లినక్స్ ల్యాప్‌టాప్. ఒకసారి కలిసిన నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్ దాచుకుని, అది మళ్లీ అందితే అడక్కుండానే కలిసిపోతుంది. ఇప్పుడూ అలాగే కలిసింది. తెర మీద మా స్టేషన్ పాత పేరు!

ఆమె చప్పున మూత వేసింది. తన వార్తలు కాజేయడానికి ఎవరైనా అదే పేరుతో వల పన్నారా? పేరైతే ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ పాస్‌వర్డ్ కూడా సరిపోయింది. అది ఆ పాత డబ్బాయే అయ్యుండాలి. అంటే ముసలాడు ఇక్కడ అమ్ముకున్నాడన్నమాట.

"అక్కా, నీ కొట్లో వైఫై ఎప్పట్నుంచి?"

"ఏం, టీ అమ్ముకునేదానికి ఉండకూడదా?"

"యోనా తెచ్చిచ్చాడా?"

న్యాగోండ్వే పకపకా నవ్వింది. "ఆ ముసలాయనా? ఫోన్ మోగితే ఎక్కడ నొక్కాలో తెలీదు పాపం! మా చెల్లెలి మొగుడు బిగించాడు, మీ ఎడ్గరే. ఆఫీసులో పారేస్తున్నారన్నాడు. ఏంటా చూపు? పోలీసులా చూడకు, టీ చల్లారిపోతోంది."

లుసుంగు ఆ మాట కూడా నమ్మలేదు. బల్ల ఎక్కి, అటక మీది డబ్బా తిప్పి చూసింది. అడుగున ఎర్ర రంగుతో మా స్టేషన్ నంబరు.

మూడో రోజున స్టేషన్ కమిటీ పెద్దలను, ఎడ్గర్‌నీ ఆ కొట్టుకే పిలిచి, వాళ్ల ఎదుట ల్యాప్‌టాప్ తెరిచింది. అది మళ్లీ తనంతట తానే కలిసింది. "ఊరికే వాడుకోమని ఇచ్చాను," అని గొణిగాడు ఎడ్గర్. ఆ వారమే అతన్ని తీసేశారు.

లుసుంగు యోనా ఇంటికి వెళ్లింది. మొక్కజొన్న వలుస్తున్న యోనా తలెత్తలేదు.

"తప్పయిపోయింది, తాతా."

"గేటు దగ్గర అన్నావుగా. గేటు దగ్గరే చెప్పు."

సోమవారం పొద్దున మా అందరి ముందూ, అతని మొహంలోకి చూసి చెప్పింది. యోనా మళ్లీ పనిలోకి వచ్చాడు. మాతో మామూలుగానే నవ్వుతూ మాట్లాడేవాడు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు లుసుంగు ఎదురైతే మాత్రం, ఎవరూ అడక్కుండానే తన సంచి విప్పి ఆమెకు చూపించి మరీ వెళ్లేవాడు.