కొండ దాకా వెళ్లని సైకిలు

సైకిలు తొక్కేవాడికి మా కొబ్బరితోట అంత సుఖమైన చోటు ఇంకెక్కడా ఉండదు. ఎత్తు లేదు, పల్లం లేదు, ఎదురొచ్చే బండి లేదు. మలాయా దేశంలో బాగన్ దాతుక్ దగ్గర సముద్రం పక్కన చాప పరిచినట్టుండే నేల అది. కాలువ గట్ల మీద మట్టి దారులు, రెండు వైపులా కొబ్బరిచెట్లు, చైను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు. ఇరవయ్యేళ్ల వయసులో నేను ఆ దారుల్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొక్కేవాణ్ణి. ఆయాసం అంటే ఏమిటో తెలియదు.

ఆ సుఖం మీద నాకు ఒళ్లు మంటగా ఉండేది.

తోట ఆఫీసు నుంచి చీటీలు, ఉత్తరాలు మోసుకెళ్లడం నా పని. సముద్రపు గట్టు మీదుగా వెళ్లినా, కొబ్బరి ఎండబెట్టే బట్టీల పక్క నుంచి వెళ్లినా, మలాయివాళ్ల ఊరి మీదుగా చుట్టు తిరిగి వెళ్లినా, చివరికి అదే ఆఫీసు గుమ్మం ముందు దిగాలి. ఏ గట్టు మీద ఏ చెట్టు వంగి ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. గానుగెద్దు నాకంటే నయం, దాని కళ్లకు గంతలు కడతారు.

అంతకు ఏడాది ముందు ధైర్యం చేసి, తోట వదిలి పోవడానికి దొరను సెలవు చీటీ అడిగాను. సైకిలు తొక్కడం వచ్చిన ఇంకొకణ్ణి తెచ్చి చూపించి పొమ్మన్నాడు. తోట మొత్తానికి సైకిలు తొక్కడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న ఈ మాట విని సంతోషించాడు. ఓడ దిగి ఈ తోటలో అడుగు పెట్టాక ఆయన మళ్లీ ఎటూ కదిలినవాడు కాదు, నన్నూ కదలనివ్వాలని ఆయనకు లేదు.

వాన వెలిసిన పొద్దుటి పూట సముద్రపు గట్టెక్కి తూర్పుకు తిరిగితే, కొబ్బరి తలల పైన నీలంగా ఒక గీత కనపడేది. అవి కొండలు. నేను పుట్టి బుద్ధెరిగాక కొండ ఎక్కలేదు సరే, గుట్ట కూడా ఎక్కలేదు. చెరువులో చేపకు గట్టు మీద ఆశ పుట్టినట్టు నాకు ఆ గీత మీద ఆశ పుట్టింది.

ఆ రోజుల్లోనే తాపా నుంచి కొండ మీదికి కొత్త రోడ్డు వేస్తున్నారు. తెలుక్ అన్సన్ బజారు నుంచి మా ఆఫీసుకు వచ్చిన ఒక అరవ గుమాస్తా ఈ సంగతి చెప్పాడు. రోడ్డు కూలీలు కొండ పొడుగునా గుడారాలు వేసుకుని ఉంటారట. ఒక గుడారం నుంచి ఇంకో గుడారానికి ఉత్తరాలు మోయడానికి సైకిలు మనిషి కావాలట. శనివారం తెల్లవారి హాజరు పిలిచే వేళకు తాపాలో ఉంటే పని నాది, లేకపోతే ఇంకొకడిది. వంపుల రోడ్లట, చెట్ల మధ్య చలిగా ఉంటుందట. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

నేను వెళ్లిపోతున్నట్టు ఒక్క మా అమ్మకే చెప్పాను. ఆవిడ రెండు చొక్కాలు ఉతికి, మడత పెట్టి, ఉత్తరాల సంచి అడుగున దాచింది. శుక్రవారం నేను ఎలాగూ సుంగై సుమున్ తోటకు ఉత్తరాలు తీసుకెళ్లాలి. అటు నుంచి అటే వెళ్లిపోతే సాయంత్రం దాకా ఎవరికీ అనుమానం రాదు.

శుక్రవారం తెల్లవారేసరికి పక్క కూలీ లైనులో పెద్దమ్మ పోయింది.

చుట్టరికం లేకపోయినా ఆవిణ్ణి నేను పెద్దమ్మ అనేవాణ్ణి. అడ్డచుట్ట కాలుస్తూ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే కబుర్లన్నీ చెప్పగల మనిషి. ఒక్కడే కొడుకు. సుంగై సుమున్ తోటలో కాయలు వలిచే పని. వాణ్ణి చూడాలనిపించినప్పుడల్లా ఆవిడ నన్ను పిలిచి, తనకు ప్రాణం బాగోలేదని చెప్పి రమ్మనేది. మూడుసార్లు ఆ అబద్ధం నేనే మోశాను. మూడుసార్లూ అతను పని ఎగ్గొట్టి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే తల్లి చేపలు తోముతూ కూర్చుని ఉండేది. మూడోసారి అతనికి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

ఇప్పుడు నిజంగానే పోయింది. కబురు తీసుకెళ్లాల్సింది ఎవరో ఎవరూ అడగనే లేదు. అందరూ నా సైకిలు వైపు చూశారు.

మావాళ్లలో చావు కబురును చావు కబురుగా చెప్పరు. ప్రాణం బాగోలేదు, నిన్ను చూడాలంటోంది అనాలి. విన్నవాడు దారిలో కూలబడిపోకుండా ఇంటి దాకా రావాలి కదా. విన్నవాడికీ లోపల తెలుస్తుంది, తెలియనట్టే నడుస్తాడు. కబురు మోసినవాడు మాత్రం వదిలి రాకూడదు, వెంట ఉండి తీసుకురావాలి. మా నాన్న నాకు అదే అప్పజెప్పాడు.

“సచ్చిపోయిందని సెప్పకురా. పాణం బాగోనేదను. ఎంటెట్టుకొని రా.”

కాష్ఠం పెట్టే చోటు సముద్రపు గట్టు అవతల ఉంది. పున్నమి దగ్గర పడింది, సాయంత్రానికి పోటు వచ్చి ఆ నేల మునుగుతుంది. నాలుగింటిలోపు కొడుకు వస్తే అతను నిప్పు పెడతాడు, రాకపోతే ఎవరో ఒకరు పెట్టాలి. అందరూ వింటుండగా పెద్దలు ఈ మాట తేల్చేశారు.

నేను సైకిలెక్కుతుంటే అమ్మ ఉత్తరాల సంచి అందించింది. అడుగున చొక్కాలు అలాగే ఉన్నాయి. పక్కన ఎవరూ లేకుండా చూసి, “కబురు సెప్పు. ఆ తరవాత నీ ఇట్టం” అంది. నేను ఆ మాటను పట్టుకున్నాను. కబురు చెబితే చాలు, రావడం అతనే వస్తాడు, దారి తెలియనివాడా అనుకున్నాను. మనిషి తనకు కావలసినట్టు లెక్క కట్టుకోవడం ఎంత సులువో ఆ పూట తెలిసింది.

ఎనిమిదింటికల్లా సుంగై సుమున్ చేరాను. అతను నేలలో పాతిన ఇనుప మొన మీద కాయ గుచ్చి పీచు వలుస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. ప్రాణం బాగోలేదు, నిన్ను చూడాలంటోంది అన్నాను. మూడుసార్లు అన్న మాటే, ఒక్క అక్షరం మారలేదు.

“మల్లీ ఏటి?” అని నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. పని వదిలితే కూలీల మీద పెత్తనం చేసే కంగాణీ ఊరుకోడని, మొన్నటిసారికే తిట్లు తిన్నానని చెప్పాడు. తన గుడ్డసంచిలోంచి ఒక చుట్టల కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. ఆవిడ కోసమే కొని ఉంచాడట.

“ఇది ఇచ్చి, ఆదివారం వస్తానని సెప్పు, తమ్ముడా.”

అప్పుడు చెప్పాలి. “కాదన్నా, ఈసారి నిజంగానే” అనాలి. అంటే అతను కూలబడతాడు, నేను లేవదీయాలి, క్యారియర్ మీద ఎక్కించుకోవాలి, పదిహేను మైళ్లు వెనక్కి తొక్కాలి. ఆ ఆఫీసు గుమ్మం ముందు మళ్లీ దిగాలి. నేను చుట్టల కట్ట జేబులో పెట్టుకుని, తల ఊపి, సైకిలెక్కాను. సిగ్గు లేకుండా తూర్పుకు తిప్పాను.

ఆ దారి ఎంత బాగుందో చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. కొబ్బరి అయిపోయి రబ్బరు చెట్లు వచ్చాయి, చల్లటి నీడ. ఒక మలాయి ముసలాయన గుమ్మంలో కూర్చుని నాకు చెయ్యి ఊపాడు. పంటు మీద ఏరు దాటాను. అవతల ఒడ్డున, నేను గీత అనుకున్నది గీత కాదని తెలిసింది. మడతలు, లోయలు, పైన మబ్బు. నా జేబులో పొగాకు వాసన. ఎంత గట్టిగా తొక్కినా ఆ వాసన నాతోనే వచ్చింది.

తెలుక్ అన్సన్ దాటి, బిడోర్ మీదుగా తాపా వెళ్లే దారిలో కొంత దూరం పోయాక రోడ్డు పైకి లేచింది. చిన్న ఎత్తే. అలవాటున్నవాడు కూర్చునే ఎక్కేస్తాడు. నాకు సగంలోనే తొడలు పట్టేశాయి. దిగి, సైకిలు నెట్టుకుంటూ పైకి వెళ్లి, అక్కడ కూర్చున్నాను. అమ్మ కట్టిచ్చిన అన్నం తీద్దామని సంచిలో చెయ్యి పెట్టబోయాను. చెయ్యి జేబు మీదికి పోయింది.

ఆదివారం వస్తానని ఆవిడకు చెప్పమన్నాడు. ఎవరికి చెప్పాలి? ఈపాటికి నీళ్లు పోసి, గుడ్డ కట్టి ఉంటారు. ఇంకా రాలేదేమని అందరూ గట్టు వైపు చూస్తూ ఉంటారు. అతను మాత్రం నిశ్చింతగా కాయలు వలుస్తూ ఉంటాడు. అతనికి తెలిసేది ఎవరివల్ల? అన్నం తినలేదు. కొండల వైపు ఒకసారి చూసి బండబూతు తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు.

సైకిలు వెనక్కి తిప్పి ఎక్కాను. తొక్కబోతే పెడలు నా కాలి కింద తేలిపోయింది. సైకిలు తనంతట తాను పరుగెత్తింది. చెవుల్లో గాలి హోరు, చొక్కా వీపు మీద బుడగలా లేచింది. నా జీవితంలో తొక్కకుండా సైకిలు కదలడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ శవం అక్కడుండగా నేను నోరారా నవ్వాను, దిగువకు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను. దిగువన రోడ్డు మళ్లీ చాపలా పరుచుకుంది.

పంటు అవతలి ఒడ్డున ఉండిపోవడంతో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. సుంగై సుమున్ చేరేసరికి మధ్యాహ్నం దాటి చాలాసేపైంది. అతను ఇంకా ఆ మొన దగ్గరే ఉన్నాడు. ఈసారి నేను సైకిలు దిగి, దగ్గరికి వెళ్లి, మావాళ్లెవరూ చెప్పనట్టు చెప్పాను.

“అన్నా, పెద్దమ్మ నేదు. పొద్దున్నే పోయింది.”

అతని చేతిలో కాయ జారి పడింది. “పొద్దున్న నువ్వొచ్చేటప్పటికేనా?” అన్నాడు.

ఔనన్నాను. అతను నా మొహం వైపు చూశాడు, నా సంచి వైపు చూశాడు. పొద్దుటి నుంచి ఎక్కడికి పోయావని అడగలేదు. కంగాణీకి చెప్పనైనా చెప్పకుండా వచ్చి క్యారియర్ మీద కూర్చున్నాడు. నా నడుం పట్టుకున్న అతని చేతులకు పీచు అంటుకుని ఉంది. వెనక బరువుతో ఆ చదును నేల కూడా ఎత్తులాగే ఉంది. నేను ఒక్కసారి కూడా దిగలేదు.

గట్టు మీదికి వచ్చేసరికి అవతల పొగ లేస్తోంది. పోటు నీళ్లు చితికి పది బారల దూరంలోకి వచ్చేశాయి. కొడుకు స్థానంలో మా నాన్న నిప్పు పెట్టాడు. ఆయన చేతిలో కట్టె ఇంకా అలాగే ఉంది. నా వైపు తిరిగి, అందరి ముందు, ఇంతసేపు ఎక్కడ చచ్చావని అడిగాడు. మా అమ్మ తల దించుకుంది.

అతనే సమాధానం చెప్పాడు.

“ఈడు పొద్దున్నే వచ్చి సెప్పినాడు. నానే రానేదు.”

అందరూ అతన్ని చూసి ఛీ అన్నట్టు మొహం తిప్పుకున్నారు. అతను ఆ ఛీత్కారం మింగేసి, నా వైపు చెయ్యి చాపాడు. నేను చుట్టల కట్ట తీసి ఇచ్చాను. దాన్ని నిప్పులోకి విసిరి, వేడికి కళ్లు చికిలించుకుని, నీళ్లు పాదాలను తాకేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అమ్మ సంచిలోంచి చొక్కాలు తీసి కొయ్యకు తగిలించింది. శనివారం పొద్దున తాపాలో హాజరు పిలిచే వేళకు నేను బట్టీ దగ్గర చీటీ అందిస్తున్నాను. ఆ తర్వాత ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. రోడ్డు అక్కడే ఉంది, సైకిలు నాదే. కానీ నా తప్పు తన నెత్తిన వేసుకుని ఒక మనిషి తల దించుకు తిరుగుతున్న తోటల్లోంచి నేను ఎలా వెళ్లను? నిజం చెప్పి వెళ్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెప్పలేదు. చెప్పనందుకు వెళ్లలేదు. అదే గట్టు, అదే గుమ్మం, జుట్టు నెరిసేదాకా.

అతను ఆ శుక్రవారం సాయంత్రమే పెళ్లాం పిల్లల్ని తీసుకురావడానికి నడిచి వెళ్లిపోయాడు. దింపుతానంటే వద్దన్నాడు. మూడోనాడు బూడిద ఎత్తడానికి వాళ్లందరితో కలిసి వచ్చాడు. నేను గట్టు మీద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా పక్క నుంచి పోతూ ఆగి, మెల్లగా, నాకొక్కడికే వినపడేలా అన్నాడు.

“ఆదివారం వస్తానన్నాను గదా, తమ్ముడా. వచ్చినాను.”